వాకరు మీద తువ్వాళ్ళు

వాన వెలిసినా చూరు నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి. అత్తయ్యగారు ఇప్పుడే గోడ పట్టుకుని దొడ్లోకెళ్ళి వచ్చి పడుకున్నారు. కర్ర పట్టుకోనని ఆవిడ పంతం, ఆ సంగతి వదిలేయండి. నిద్ర పట్టనివ్వనిది వేరే. పుంత మలుపులో ఆ పెంకుటింటి అరుగు మీద కొత్త వాకరు ఉంది. పిడులకున్న ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. దాని మీద వరసగా తువ్వాళ్ళు ఆరేశారు. ఆ ఇంటి మామ్మగారేమో పక్కనే ప్లాస్టిక్ కుర్చీని తోసుకుంటూ నడుస్తున్నారు.

కుర్చీ పొడి గచ్చు మీద జారుతుంది కాబట్టే ఆవిడకి తేలిగ్గా ఉంటుంది. తడి గచ్చు మీద ఆ జారుడే మనిషిని ముందుకి లాగేస్తుంది. కుర్చీ వీపు అంచు మీద బరువు మోపితే ముందు కాళ్ళు గాల్లోకి లేస్తాయి. అయినా ఆవిడకి కుర్చీయే ఇష్టం. ఎందుకంటే కుర్చీ తోస్తుంటే ఎవరూ ఏమీ అడగరు. వాకరు పట్టుకుంటే వీధిలో నలుగురు ఆగి "అయ్యో, ఏమైందండీ" అంటారు.

ఆ వాకరు ఎలా వచ్చిందో దాని కాళ్ళు చూస్తే తెలిసిపోతుంది. ఎత్తు మార్చుకోవడానికి కాళ్ళకి కన్నాలుంటాయి, నాలుగూ అట్టపెట్టెలోంచి తీసినప్పటి కన్నం దగ్గరే ఉన్నాయి. అంటే ఎవరూ కొలవలేదు. దాతల శిబిరంలో ఇచ్చేది అలాగే: వేదిక, మైకు, శాలువా, పేరు పెట్టి పిలవడం, ఫొటో. ఊరందరి ముందూ "నువ్విక నడవలేవు" అని ప్రకటించినట్టే కదా అది! మళ్ళీ మర్నాడు అదే ఊళ్ళో దాన్ని పట్టుకుని తిరగాలట. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో (పేద వృద్ధులకి ఇలాంటి సాధనాలు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం) ముందు పరీక్షా శిబిరం, తరవాత వేరే రోజున పంపిణీ అని పెట్టారు. కాన్పూరులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆలింకో తయారు చేసే చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఎవరికి ఏది కావాలో ముందే చూసి రాసుకోవడానికి అది. దాతలు సొంతంగా పెట్టే శిబిరాల్లో ఆ మొదటి రోజు ఉండదు. పట్నం నుంచి కొడుకులు పంపే పార్శిళ్ళలో అసలే ఉండదు. కొలవకుండా ఇచ్చినది వాడకపోతే "మా వాళ్ళకి మొండితనం" అంటారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

కొలత ఏమంత పెద్ద పని కాదు. రోజూ వేసుకునే చెప్పులు వేయించి, నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడనివ్వాలి. మణికట్టు లోపలి మడత దగ్గరికి పిడి పైభాగం రావాలి. కర్రకైనా వాకరుకైనా ఇదే లెక్క. పట్టుకున్నప్పుడు మోచేయి కాస్తే వంగి ఉండాలి. పొట్టిగా ఉంటే మనిషి ముందుకి వంగిపోతాడు, నడుం పట్టేస్తుంది. పొడుగైతే భుజం పైకి లేచి మెడ నొప్పెడుతుంది, కర్ర మీద బరువు వెయ్యడానికి చేతికి బలం చాలదు. "కర్ర పట్టాక నడుం వంగిపోయింది" అని ముసలాళ్ళు అంటుంటే అది భయమని కొట్టిపారేస్తాం. పొట్టి కర్ర ఇచ్చిన చోట అది అక్షరాలా నిజం. అల్యూమినియం కర్రకి కన్నాలు సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. ఎత్తు మార్చాక కన్నంలోంచి బొడిపె టక్కుమని పూర్తిగా బయటికి రావాలి, కింద బిగింపు రింగు బిగించాలి. లేకపోతే అడుగడుక్కీ గలగలమంటుంది. ఆ చప్పుడుకి కూడా సిగ్గుపడతారు.

కరణంగారి గొడుగు గుర్తొస్తోంది. 1984లో ఆ ఉద్యోగాలే రద్దయినా ఊరికి ఆయన చివరిదాకా కరణంగారే. ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో నల్ల గొడుగు. అది విప్పగా ఎవరూ చూడలేదు. కుడి మోకాలు అరిగిపోయి, బరువంతా దాని మీద వేసి కాలువ గట్టెంట వెళ్ళేవారు. గొడుగుకి కింద ఇనప పొన్ను. గచ్చు మీద జారేది, తడిసిన రేగడిలో బెత్తెడు దిగబడేది. వాళ్ళ నాన్నగారి వెండి పొన్ను కర్ర మాత్రం ఆయన గదిలో గోడకే ఉండేది. దాన్ని తియ్యమంటే "అది నాన్నగారు దర్జాకి పట్టుకునేవారు, నేను పట్టుకుంటే చేతకాక పట్టుకున్నానంటారు" అనేవారు. చివరికి ఊళ్ళో వడ్రంగి గొడుగు పిడిలాగే వంపు తిరిగిన టేకు కర్ర చేసిచ్చాడు. తలకిందులుగా నిలబెట్టి, వంపు నేలకి ఆనించి, మణికట్టు దగ్గర గీత పెట్టి, కర్ర చివర తొడిగే రబ్బరు బుష్ మందం వదిలి కోశాడు. ఎవరైనా అడిగితే కరణంగారు "గట్టు మీద కుక్కలెక్కువయ్యాయండి" అనేవారు.

ఆ కుక్కల సాకు బాగోలేదనే రాద్దామని కూర్చున్నాను. నిజం ఒప్పుకోకుండా సిగ్గు ఎలా పోతుందని. ఇప్పుడు రాస్తుంటే అలా అనిపించట్లేదు. వయసు మాట రాని సాకు ఒకటి దొరికితే మనిషి గుమ్మం దాటుతాడు, దాటితేనే కదా అలవాటయ్యేది. వానాకాలంలో "గట్టు జారుతోందండి" అన్నా చాలు. ఇంట్లోవాళ్ళు కూడా అదే మాట అనాలి. వాళ్ళు "మా నాన్నగారికి మోకాళ్ళు పోయాయి" అని వీధిలో చెప్పేస్తే ఆ సాకు చెల్లదు.

అయితే సాకుతో ఒక చిక్కుంది. కుక్కల కోసమైతే కర్ర కుడిచేతిలోనే ఉంటుంది. నొప్పి కుడి మోకాలికైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడి కాలూ కర్రా ఒకేసారి ముందుకి పడాలి. అప్పుడే ఆ కాలి మీద నిలబడ్డ క్షణంలో కర్ర రెండో వైపు నుంచి బరువు పంచుకుంటుంది. నొప్పి వైపే పట్టుకుంటే మనిషి ఆ వైపుకే ఒరిగిపోతాడు. కరణంగారికి చెయ్యి మార్పించింది వైద్యం మాట కాదు, పేపరు. కుడిచేత్తో పేపరు పట్టుకుని టీ కొట్టు దగ్గరికి వెళ్ళడం ఆయనకి ముఖ్యం. కర్ర ఎడమకి మారింది. రేవు మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. పట్టుకోవడానికి గోడ ఉంటే ఒక చెయ్యి దానికే.

అసలు ఇదంతా సిగ్గేనా అన్న అనుమానం కూడా వస్తోంది. సగం ఇబ్బందే అనుకుంటా. కర్ర ఒక చేతిని తినేస్తుంది. సంచి ఎలా, చెంబు ఎలా? అరుగు మీద కూర్చుంటే ఆనించిన కర్ర జారి కింద పడుతుంది, వంగి తీసుకోవడం ఎవరి వల్లా కాదు, నలుగురిలో ఎవరో తీసిచ్చేదాకా ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపే పెద్ద చిన్నతనం. వంపు పిడి అయితే మోచేతికి తగిలించుకోవచ్చు, కిటికీ ఊచకి వేలాడేయొచ్చు. కానీ బరువు బాగా మోపాలంటే అడ్డ పిడే మేలు, అరచెయ్యి మొత్తం ఆనుతుంది. అడ్డ పిడికి మణికట్టు తాడు కట్టి, మంచం పక్కన గోడకి కొక్కెం కొడితే కింద పడే బాధ తగ్గుతుంది. మెట్ల మీద మాత్రం ఆ తాడు తీసేయాలి, కాలు జారితే కర్రతో పాటు చెయ్యీ మెలికపడుతుంది. సామాన్లకి భుజం సంచి.

నాలుగు కాళ్ళ కర్ర తెచ్చి పెట్టేవాళ్ళకి ఒక మాట. అది గచ్చు మీద బాగుంటుంది. పుంతలో, గట్టు మీద నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనవు, ఊగుతుంది. కాళ్ళ చదును వైపు మనిషి వైపుకి ఉండాలి, తిప్పి పట్టుకుంటే బయటికి పొడుచుకొచ్చిన కాలు తన్నుకుని పడతారు. ఆడవాళ్ళకైతే చీర కుచ్చిళ్ళు చీలమండ పైకి కట్టుకోవాలి. వాకరు కొనేముందు దొడ్డి తలుపు వెడల్పు కొలవండి, పాత ఇళ్ళలో ఇంటికంతటికీ ఇరుకు గుమ్మం అదే. గడప దగ్గర ముందు వాకరు నాలుగు కాళ్ళూ అవతలికి ఎత్తి పెట్టాలి, తరవాత నొప్పి కాలు, తరవాత మంచి కాలు. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకరు పట్టుకుని లాక్కోకూడదు, అది మీదకి వస్తుంది. కుర్చీ చేతుల మీద నొక్కి లేచాకే వాకరు. రబ్బరు బుష్‌లు నెలకోసారి తిప్పి చూడాలి. గాడులు అరిగి నున్నగా అయితే పాచి పట్టిన గచ్చు మీద గొడుగు పొన్నుకీ వాటికీ తేడా లేదు. గొట్టం సైజులు రకరకాలు కాబట్టి షాపుకి పాత బుష్ పట్టుకెళ్ళండి. ఉన్నట్టుండి తూలు వచ్చినా, ఒక పక్క బలం తగ్గినా అది కర్రతో పోయేది కాదు, వెంటనే ఆస్పత్రికే.

గాంధీగారు 1930లో దండికి వెదురు కర్రతో నడిచేటప్పటికి ఆయనకి అరవయ్యేళ్ళు. ఊరూరా సెంటర్లో ఆయన విగ్రహాన్ని ఆ కర్రతోనే నిలబెట్టాం. మగవాళ్ళకి ఈ మాట పనికొస్తుంది, చాలాచోట్ల చూశాను. ఆడవాళ్ళకి పనికిరాదు. వాళ్ళ బాధ సెంటరు కాదు, పెళ్ళిళ్ళు. మామ్మగారు వాకరు పట్టనన్నది ఆదివారం మేనకోడలి ఇంట్లో పెళ్ళి ఉందనే. నలుగురిలో దాంతో వెళ్తే పిల్లలకి తలవంపులని ఆవిడ లెక్క. ఒప్పించడం నా వల్ల అవుతుందో లేదో. పొద్దున్నే వెళ్ళి తువ్వాళ్ళు తీయించి, వాకరు కాళ్ళు ఆవిడ ఎత్తుకి సరిచేసి, అరుగు మీద నాలుగు అడుగులు వేయించాలి. పెళ్ళివారితో మాట్లాడి భోజనాల బల్ల చివరి కుర్చీ ఆవిడకి ఉంచమనాలి. చివరిదైతే వాకరు మడిచి గోడకి ఆనించుకోవచ్చు, వడ్డించేవాళ్ళ కాళ్ళకి తగలదు.