ఆస్టిన్ సెవెన్ స్వాలో మోడల్: బానెట్ కూర్చుంది

1/12 స్కేల్లో చేస్తున్న స్వాలో సెలూన్‌ (పైకప్పున్న పాత బ్రిటిష్ కారు) బొమ్మకి మొత్తానికి బానెట్, అంటే ఇంజిన్ మూత, కూర్చుంది. ఛాసిస్ ముందే అయిపోయింది. అసలు బండి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 75 అంగుళాలు, నాకు 159 మిల్లీమీటర్లు వచ్చింది. ఇత్తడి పట్టీలు, టంకం, అంతే.

ఛాసిస్, బాడీ విడివిడిగా చేయడం నా పైత్యం కాదు, అసలు కారు తయారైందే అలా. 747 సీసీ ఇంజిన్, ఛాసిస్ ఆస్టిన్ కంపెనీ చేసిన సెవెన్ అనే చవక కారువి. పైన బాడీ మాత్రం ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో మోటార్‌సైకిళ్లకు సైడ్‌కార్లు చేసే స్వాలో కంపెనీది. విలియం వామ్స్‌లీ, విలియం లయన్స్ దాన్ని 1922లో పెట్టారు. 1927లో ఆస్టిన్ సెవెన్ మీద టూ సీటర్ తెచ్చి 175 పౌండ్లకు అమ్మారు. చవక బండికి షోకైన బాడీ! 1928లో సెలూన్ రాగానే లండన్ డీలర్ హెన్లీస్ ఏకంగా 500 బళ్లు అడిగారు. బ్లాక్‌పూల్ షెడ్డు ఆ జోరుకు చాలలేదు. అదే ఏడాది మకాం కోవెంట్రీకి మార్చారు. 1945లో జాగ్వార్ పేరు పెట్టుకున్నది ఈ కంపెనీయే.

అసలు బాడీ యాష్ అనే చెట్టు చెక్క ఫ్రేము మీద అల్యూమినియం రేకు. నేనూ అదే దారి పట్టాను: బాల్సా అనే తేలిక చెక్కతో అచ్చు, దానిమీద కూల్‌డ్రింక్ డబ్బా రేకు. రేకు అలాగే వంచితే చిట్లుతుంది. ముందు ఒంటి సబ్బు రుద్ది, స్టవ్ సిమ్‌లో పెట్టి పైన ఆడించాలి. సబ్బు గీత ముదురు గోధుమరంగుకు తిరగ్గానే తీసేయాలి, ఇంకో క్షణం ఆగితే రేకు కరిగినా ఆశ్చర్యం లేదు. డబ్బా లోపలి పూత కాలి కంపు కొడుతుంది, కిటికీ తీసి ఉంచండి. చల్లారాక బొటనవేలితో నొక్కితే చాలు, అచ్చు వంపులోకి ఒదిగిపోతుంది. ముక్కు దగ్గర గుండ్రని రేడియేటర్ కవర్ మాత్రం చెంచా వెనకవైపుతో నిదానంగా రుద్దాల్సి వచ్చింది.

బానెట్ మీద కలం పాళీ ఆకారంలో రెండో రంగు వస్తుంది. స్వాలో అందమంతా అక్కడే అని నా లెక్క. ముందు క్రీమ్ కొట్టి బాగా ఆరనిచ్చాను. టేపు అతికించాక దాని అంచు మీద మళ్లీ పలచగా క్రీమే కొట్టి, ఆ తర్వాతే మెరూన్ కొట్టాను. అప్పుడు మెరూన్ టేపు కిందికి పాకదు. పాళీ మొన కోయడానికి కొత్త బ్లేడు వాడండి.

ఇక పైకప్పు మిగిలింది. అటూ ఇటూ వంపే కాబట్టి ఒక్క రేకుతో ముడతలు ఖాయం. నడిమధ్య అతుకు వచ్చేలా రెండు ముక్కలుగా చేసి, అతుకును పుట్టీతో కప్పేస్తాను. పుల్లల చక్రాల సంగతి ఆ తర్వాత.