షుగరు, ఎముక, మొక్కల రసాయనాలు: గోడపటం ఎంతవరకు వచ్చిందంటే

పటంలో ఎడమ సగం ఇంకుతో సహా పూర్తయింది. ఏ2 సైజు డ్రాయింగ్ షీటు. మధ్యలో ఎముక. ఎడమవైపు షుగరు దాన్ని ఎలా దెబ్బతీస్తుందో, కుడివైపు ఏ మొక్క రసాయనం ఎక్కడ అడ్డుపడుతుందంటున్నారో. ముందు పెన్సిల్‌తో గీసి, కొన్నాళ్లు ఆగి, మళ్లీ చదివాకే ఇంకు వేస్తున్నాను. రసాయనాల పేర్లు మాత్రం షీటు మీద రాయకుండా చిన్న జిగురు చీటీల మీద రాసి అంటిస్తున్నాను. కొత్త పరిశోధన చదివినప్పుడు చీటీ జరిపితే చాలు.

ఎడమవైపుకే ఎక్కువ సమయం పట్టింది, పట్టాల్సిందే. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగరులో ఎముక సాంద్రత తగ్గుతుంది, విరిగే ముప్పు పెరుగుతుంది. ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయని టైప్ 2లో అంత సూటిగా ఉండదు. ఎక్స్‌రేలతో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో అది మామూలుగానో, ఇంకాస్త ఎక్కువగానో కనిపిస్తుంది. అయినా తుంటి ఎముక విరిగే ముప్పు ఎక్కువే. ఎముక ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఎలా ఉందన్నదీ చూడాలి. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఎముకకు సాగే గుణమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య పెంటోసిడిన్ లాంటి అడ్డుముడులు పడతాయి. దెబ్బ తగిలినప్పుడు కాస్త సాగాల్సిన పోగులు బిగుసుకుపోతాయి. పాత ఎముకను తొలిచి కొత్తది వేసే పని కూడా మందగిస్తుంది కాబట్టి ముడిపడ్డ కొలాజెన్ అక్కడే ఉండిపోతుంది. పోగులను సన్నటి 0.3 పెన్నుతో నల్లగా, ముడులను ఎర్రగా గీశాను. పటం చూసేవాళ్ల కళ్లు ముందు అక్కడికే వెళ్లాలి.

దాని కింద ఒక గడి. పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని అంచనా వేసే ఫ్రాక్స్ లెక్క టైప్ 2 వాళ్ల ముప్పును తక్కువ చేసి చూపిస్తుంది. దాన్ని సరిచేయడానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) లేకపోయినా దాని దగ్గర టిక్ పెట్టడం, వయసుకు 10 ఏళ్లు కలపడం, టి-స్కోరులోంచి (స్కాన్‌లో వచ్చే సాంద్రత అంకె) 0.5 తీసేయడం, వీటిలో ఏదో ఒకటి చేస్తారు. స్కాన్ బాగుందని నిశ్చింతగా ఉన్న ప్రతి షుగరు మనిషికీ ఈ గడి చూపించాలని ఉంది.

ఇక కుడివైపు. చీటీ రంగు చూస్తే రుజువు ఎక్కడిదో తెలిసిపోవాలి. గాజు పళ్లెంలోని కణాల మీద చేసినదైతే తెలుపు, ఎలుకల మీదైతే పసుపు, మనుషుల మీదైతే ఆకుపచ్చ. క్వెర్సెటిన్, నారింజిన్, ఐకారిన్, బెర్బెరిన్, కర్క్యుమిన్... ఇప్పటికి అంటించినవాటిలో దాదాపు అన్నీ పసుపే. వీటిలో చాలా ప్రయోగాల్లో స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి ఎలుకలకు షుగరు తెప్పిస్తారు. అది ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది, అంటే ఆ ఎలుక టైప్ 1కి దగ్గర. పైగా రసాయనం ఇచ్చాక ఎలుకలో గ్లూకోజ్ కూడా తగ్గితే, ఎముక బాగుపడింది ఆ రసాయనం వల్లా, గ్లూకోజ్ తగ్గినందువల్లా అన్నది తేలదు. అలాంటి చీటీ మూలన చిన్న త్రికోణం గీస్తున్నాను. త్రికోణాలే ఎక్కువవుతున్నాయి.

మోతాదు ప్రతి చీటీ వెనకా రాస్తున్నాను. ఎలుకకు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అని ఉన్నదాన్ని 6.2తో భాగిస్తే మనిషి లెక్క ఉజ్జాయింపుగా వస్తుంది. చిట్టెలుకైతే 12.3తో. ఎలుకకు కిలోకు 100 మిల్లీగ్రాములంటే, 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 970 మిల్లీగ్రాములు. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ అంత మోతాదులో తిండి ద్వారా రాదు. ఉల్లిపాయ తింటే ఎముక గట్టిపడుతుందన్న మాటకు ఈ లెక్క ఒక్కటి వేసి చూస్తే చాలు.

ఆకుపచ్చ చీటీల్లో నాకు ముఖ్యమైనది ద్రాక్షలో ఉండే రెస్వెరాట్రాల్. టైప్ 2 ఉన్నవాళ్లకు 6 నెలలు ఇచ్చి చూశారు. రోజుకు 500 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో సాంద్రత కాస్త పెరిగింది, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో తగ్గింది. కానీ ఎముకలు విరగడం తగ్గిందా అన్నది 6 నెలల్లో తేలే సంగతి కాదు, టైప్ 2లో సాంద్రత మీద పూర్తి భరోసా పెట్టుకోలేమని ఎడమవైపు గీసే ఉంది. అందుకే ఆ చీటీ నుంచి ఎర్ర ముడుల దాకా చుక్కల గీతే వేశాను. సోయాలోని జెనిస్టీన్ రోజుకు 54 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు వాడిన ప్రయోగంలో, ముట్లుడిగి ఎముకలు పలచబడ్డ స్త్రీలకు సాంద్రత పెరిగింది. అది షుగరు ఉన్నవాళ్ల కోసం చేసింది కాదు కాబట్టి సగం చీటీ. ఇప్రిఫ్లావోన్ పక్కన మాత్రం హెచ్చరిక గుర్తు పెట్టాను. ఐసోఫ్లావోన్ల (జెనిస్టీన్ లాంటి సోయా రసాయనాల) నమూనాలో తయారుచేసిన ఆ పదార్థం 2001లో వచ్చిన పెద్ద ప్రయోగంలో ఎముక నష్టాన్ని ఆపలేదు, కొందరిలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు తగ్గాయి.

మిగిలింది మందుల వరుస, అది అడుగున వస్తుంది. పయోగ్లిటజోన్ అనే షుగరు మాత్ర మజ్జలోని మూలకణాలను ఎముక వైపు కాకుండా కొవ్వు వైపు మళ్లిస్తుంది, అక్కడికి బాణం పెన్సిల్‌తో వేసి ఉంచాను. సల్ఫొనైల్‌యూరియా రకం షుగరు మాత్రలు వాడేవాళ్లు బెర్బెరిన్ కూడా మొదలుపెడితే షుగరు మరీ పడిపోవచ్చు. కళ్లు తిరిగి కిందపడితే విరిగేది ఎముకే. ఈ బాణం మాత్రం చీటీ మీద కాకుండా నేరుగా షీటు మీదే, ఇంకుతో వేస్తాను.