నారూ నీరూ అందిన వెంటనే

మేము మన కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్న 1996లో, విజయవాడ ఎండకు తోడు కరెంటు కోత కూడా ఉండేది. ఒక మధ్యాహ్నం ల్యాబులో తెరలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెప్పే మాస్టారు మమ్మల్ని వరండాలోకి పిలిచి, సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చున్నారు.

"కంకిపాడులో మా చేలో నాట్లు ఎప్పుడు వేస్తారు?" అని అడిగారు. ఎవరో జూలై అన్నారు. "నెలను బట్టి కాదు నాయనా. నారు ఎదగాలి, బందరు కాలవకు నీరు రావాలి. రెండూ అందిన మడిలో నాట్లు పడతాయి. పక్క మడికి నీరు ఎక్కలేదని ఈ మడి ఆగదు."

ఆ మాట అంటూనే నేల మీద మూడు సున్నాలు చుట్టారు. ఒకదానిలో కూడిక, ఒకదానిలో తీసివేత, వాటి రెండింటి ఫలితాలూ వచ్చి చేరే మూడోదానిలో గుణకారం. మామూలు కంప్యూటర్ ఆదేశాలను చిట్టాలో రాసిన వరుసలో ఒక్కొక్కటే తీసుకుంటుంది. కూడికకు కావలసిన అంకె మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే, దానితో ఏ సంబంధమూ లేని తీసివేత కూడా వెనక నిలబడి ఉండాలి. ఈ వరుసనే తీసేసి, కావలసిన అంకెలు చేతికి అందిన ఆదేశం అప్పుడే పని మొదలుపెట్టేలా యంత్రాన్ని కడితే? దాని పేరే డేటాఫ్లో. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జాక్ డెన్నిస్ వేసిన పునాది మీద ఆ ఆలోచనను యంత్రం దాకా తీసుకెళ్ళినవారిలో ముఖ్యుడు అర్వింద్ అని ఆరోజే మొదటిసారి విన్నాను. ఐఐటీ కాన్పూరులో బీటెక్, మిన్నెసోటాలో పీహెచ్‌డీ చేసి, 1970ల చివర ఎంఐటీలో చేరినవాడు. ఇంటిపేరు లేదు, ఒక్క పేరే.

ఒకే ఆదేశం వందసార్లు తిరగవలసి వస్తే ఏ అంకె ఏ తిరుగుడుకు చెందిందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాదే. నారు కట్టలకు ఏ మడికి పోవాలో గుర్తు కట్టినట్టు, ప్రతి అంకెకూ ఒక ట్యాగ్ తగిలిస్తారని చెప్పారు. అర్వింద్ బృందం యంత్రాల ప్రత్యేకత అదే. ఇంకా రాని విలువ కోసం ముందుగానే వచ్చిన ఆదేశాన్ని ఖాళీ చేతులతో పంపకుండా, దాని పేరు రాసుకుని విలువ వచ్చాక అందించే మెమరీ కూడా వాళ్ళు ఆలోచించినదే. మోటరోలాతో కలిసి కట్టిన యంత్రానికి వాళ్ళు పెట్టిన పేరు మాన్‌సూన్, అంటే రుతుపవనం. ఆ పేరు చెబుతున్నప్పుడు మాస్టారి ముఖం నాకు ఇంకా గుర్తుంది. కృష్ణా డెల్టా రైతుబిడ్డకు అంతకన్నా సొంతమైన పేరు ఏముంటుంది!

కానీ మాన్‌సూన్ బజారులో నిలవలేదు. ప్రతి ఆదేశం దగ్గరా అంకెలను జతకలపడమే అదనపు భారం. ఈలోగా మామూలు ప్రాసెసర్లు ఏటికేడు వేగం పెంచుకుంటూ పోయాయి. "అమ్ముడుపోని యంత్రం గురించి మాకెందుకు మాస్టారూ?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "నీరు ఏ మడిలో ఇంకిందో గట్టు మీద నుంచి కనపడదు" అన్నారు.

హైదరాబాదులో ప్రాసెసర్లను సరిచూసే ఉద్యోగంలో చేరాక అది కనపడింది. ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉండే వేగమైన ప్రాసెసర్ లోపల, ఆదేశాలు ఒక చిన్న గదిలో వేచి ఉండి, తమ అంకెలు అందిన వెంటనే వరుసతో నిమిత్తం లేకుండా బయల్దేరతాయి. ఈ ఘనత అంతా అర్వింద్‌దే అంటే న్యాయం కాదు. ఐబీఎంలో రాబర్ట్ టొమసులో అనే ఇంజనీరు 1967లోనే ఆ దారి వేశాడు. అయితే 1985లో యేల్ పాట్ అనే శాస్త్రవేత్త బృందం తమ డిజైన్‌ను 'పరిమితమైన డేటాఫ్లో' అనే పిలిచింది. మాస్టారు నేల మీద గీసిన మూడు సున్నాలను నేను రోజూ జీతానికి పరీక్షిస్తున్నానని తెలిసిన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

నా దృష్టిలో అర్వింద్ చేసిన అంతకన్నా పెద్ద పని బ్లూస్పెక్. హార్డ్‌వేర్‌ను నియమాలుగా రాసే భాష అది. 'ఈ షరతు నెరవేరితే ఈ మార్పు మొత్తం ఒక్కసారిగా జరగాలి' అని రాస్తే, ఏ నియమాలు కలిసి నడవవచ్చో, ఆ రాతను చిప్ డిజైనుగా మార్చే కంపైలర్ చూసుకుంటుంది. నారూ నీరూ అందితేనే నాటు అన్న ఆలోచనే మళ్ళీ, ఈసారి చిప్ గీసేవాడి కలంలో. మద్రాసు ఐఐటీ వారి శక్తి ప్రాసెసర్లు ఆ భాషలోనే రాశారు. 2018లో ఆ చిప్ మీద లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచింది. 2020లో బ్లూస్పెక్ కంపైలర్‌ను అందరికీ తెరిచేశారు. ఇప్పుడు మన కళాశాల పిల్లలు ఎవరికీ రుసుము కట్టకుండా దాన్ని దించుకుని ఒక ప్రాసెసర్ రాయవచ్చు. మా రోజుల్లో ఊహకైనా అందని మాట ఇది.

2024 జూన్‌లో అర్వింద్ పోయారని చదివి మాస్టారికి ఫోను చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ చిప్పుల్లో ఆదేశాలు ఇంకా వరుస తప్పే నడుస్తున్నాయా?" అని అడిగారు.

"నడుస్తున్నాయి మాస్టారూ. ఫలితాలు ఖాయం చేసేటప్పుడు మాత్రం మళ్ళీ రాసిన వరుసలోకే వస్తాయి."

"అది మీకు నేను చెప్పలేదు. ఎలాగో బొమ్మ గీసి పంపు" అన్నారు.

తెల్లకాగితం మీద గీసి, ఫొటో తీసి ఆ రాత్రే పంపాను.