స్టేషను మెట్లెక్కిన తరువాత

మూడు తరాలుగా మనవాళ్లెవరూ పోలీసు స్టేషను మెట్లెక్కలేదని మా ఇంట్లో గర్వంగా చెప్పుకొనేవారు. దొంగతనం జరిగినా, పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా పెద్దమనుషుల మధ్య తేల్చుకున్నారే తప్ప ఫిర్యాదు రాసిచ్చినవారు లేరు. అందుకే, ఇంగ్లండులో శాశ్వత నివాసానికి అనుమతి వచ్చిన కొద్ది నెలలకు, 2018 చివర్లో, నేను స్పెషల్ కానిస్టేబుల్‌గా చేరుతున్నానని ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జీతం ఎంత అని అడిగింది. జీతం ఉండదమ్మా అన్నాను. "జీతం లేకుండా పోలీసు పని చేసేవాళ్లు ఎక్కడైనా ఉంటార్రా?" అంది.

ఇక్కడ ఉంటారు. అప్పటి హోంమంత్రి రాబర్ట్ పీల్ లండన్‌లో పోలీసు దళాన్ని ఏర్పాటు చేసినది 1829లో. మరో రెండేళ్లకే, 1831లో, స్పెషల్ కానిస్టేబుళ్ల చట్టం వచ్చింది. పగలు తమ తమ ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు శిక్షణ పొంది, ప్రమాణం చేసి, నెలలో కొన్ని గంటలు యూనిఫాం వేసుకుని పని చేస్తారు. చాలా దళాలు నెలకు కనీసం 16 గంటలు అడుగుతాయి. దారి ఖర్చులు ఇస్తారు గాని జీతం ఉండదు. అయితే అధికారాల విషయంలో జీతం తీసుకునే కానిస్టేబుల్‌కూ వీరికీ చట్టం ఏ తేడా చూపదు. ఇంగ్లండు, వేల్స్ అంతటా అవే అధికారాలు వర్తిస్తాయి. అమెరికాలో చాలా నగరాలు ఇటువంటివారిని రిజర్వ్ ఆఫీసర్లు అంటాయి. మన దగ్గర రిజర్వు పోలీసు అంటే తుపాకులు పట్టిన సాయుధ బలగం గుర్తుకు వస్తుంది గనుక, ఆ మాట వాడితే మా అమ్మ మరింత కంగారు పడేది. ఇక్కడ నా నడుముకు ఉండేది ఒక లాఠీ, బేడీలు, కళ్లు మండించే ఒక స్ప్రే మాత్రమే. ఛాతీ మీద కెమెరా ఉంటుంది. తుపాకి ఉండదు.

నా పగటి ఉద్యోగం ఒక గిడ్డంగుల సంస్థలో సరుకుల లెక్క చూడటం. పది సంవత్సరాలుగా ఈ నగరంలో ఉంటూ కూడా, ఇంటికీ గిడ్డంగికీ మధ్య దారి తప్ప నాకు ఈ ఊరు తెలియదని ఒకనాడు నాకే అనిపించింది. చేరడానికి అదొక కారణం. రెండవది, మా వీధిలో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో బంగారమంతా దొంగలు ఎత్తుకుపోతే వారు రెండు రోజులదాకా పోలీసులకు చెప్పలేదు. దక్షిణాసియా కుటుంబాల ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసి దొంగలు ప్రత్యేకంగా ఎంచుకుంటారని, నగలకు ఫోటోలు తీసి పెట్టుకోమని, లాకరులో దాచుకోమని పోలీసు దళాలు ఏటా దీపావళి ముందు చెబుతూనే ఉంటాయి. ఆ రెండు రోజులు ఆలస్యం కాకుండా ఉంటే వేలిముద్రలో, పక్కింటి కెమెరా దృశ్యాలో దొరికేవేమో. వారిని ఆపింది భయం కాదు, పరువు. పోలీసు కారు ఇంటి ముందు ఆగితే నలుగురూ ఏమనుకుంటారోనన్న ఆలోచన.

మా కుటుంబం, అప్పులు, గతంలో నివసించిన చిరునామాలు అన్నీ విచారించాక శిక్షణ మొదలైంది. వారాంతాలూ సాయంత్రాలూ కలిపి నెలల తరబడి సాగింది. పదిహేను మీటర్ల దూరాన్ని బీప్ శబ్దానికి అనుగుణంగా అటూ ఇటూ పరుగెత్తే పరీక్షలో 5.4 స్థాయి దాటాలి. నలభైకి దగ్గర పడిన నా మోకాళ్లకు అది కష్టమే అయింది. ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు. 2019 వసంతంలో మేజిస్ట్రేటు ఎదుట చేసిన ప్రమాణం గురించి మాత్రం చెప్పాలి. రాణికి సేవ చేస్తానన్న మాట పలుకుతున్నప్పుడు, స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్లినవారి కథలు వింటూ పెరిగిన నాకు గొంతు పట్టేసినట్లయింది. కాని ఆ వాక్యం అక్కడ ఆగదు. నిష్పక్షపాతంగా ఉంటానని, మౌలిక మానవ హక్కులను కాపాడతానని, మనుషులందరికీ సమాన గౌరవం ఇస్తానని అది కొనసాగుతుంది. ఆ రెండవ భాగాన్ని నేను పూర్తి మనసుతో పలికాను. కానిస్టేబుల్ అన్నది ఈ దేశంలో ఉద్యోగం కన్నా ముందు ఒక పదవి. ఒకరిని అదుపులోకి తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయానికి ఆ కానిస్టేబులే జవాబుదారీ. పై అధికారి చెప్పారు గనుక చేశానని కోర్టులో చెప్పి తప్పించుకోవడం కుదరదు.

ఈ జవాబుదారీతనం ఎలా వచ్చిందో శిక్షణలో వివరంగా చెప్పారు. 1981లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి యువకులను విచక్షణ లేకుండా ఆపి సోదా చేయడం అల్లర్లకు ఒక కారణమైంది. దానిమీద విచారణ జరిపిన న్యాయమూర్తి స్కార్మన్ నివేదిక వచ్చింది, 1984లో పోలీసు అధికారాలనూ సాక్ష్యాల సేకరణనూ ఒక క్రమంలో పెట్టిన చట్టం వచ్చింది. అయినా 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడి హత్యపై సాగిన దర్యాప్తును పరిశీలించిన మాక్ఫర్సన్ నివేదిక, 1999లో, లండన్ పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉన్నదని తేల్చి చెప్పింది. గోధుమరంగు చర్మంతో ఆ తరగతిలో కూర్చున్న నాకు ఇది పాఠ్యాంశంలా అనిపించలేదు. నేను వేసుకోబోయే యూనిఫాంకు ఉన్న మచ్చ అది. దాన్ని దాచకుండా చెప్పినందుకు ఆ శిక్షకుల మీద నాకు గౌరవం కలిగింది.

వీధిలో ఎవరినైనా ఆపి సోదా చేయాలంటే ముందు అతనికి చెప్పవలసినవి ఉన్నాయి: నేనెవరిని, ఏ స్టేషను నుంచి వచ్చాను, ఏ చట్టం కింద ఆపాను, దేనికోసం వెతుకుతున్నాను, అనుమానానికి ఆధారమేమిటి, ఈ సోదా రికార్డు ప్రతి తీసుకునే హక్కు అతనికి ఉన్నదని, ప్రస్తుతం అతను నా నిర్బంధంలో ఉన్నాడని. అధికారం వాడేవాడు, ఎవరి మీద వాడుతున్నాడో ఆ మనిషికే, వాడకముందే సంజాయిషీ చెప్పుకోవాలన్నమాట. నా మొదటి సోదాలో నోరు ఎండిపోయి స్టేషను పేరు చెప్పడం మరిచాను. ఆ కుర్రవాడి దగ్గర ఏమీ దొరకలేదు, అతను గొడవా చేయలేదు. కాని సార్జెంటు కెమెరా దృశ్యం చూసి ఆ ఒక్క లోపం మీద నన్ను అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. లాఠీ చేతికివ్వడం తేలిక, మాట నేర్పడమే కష్టమని ఆయన అభిప్రాయం. నాదీ ఇప్పుడు అదే.

నోటు పుస్తకం నియమాలు కూడా ఇటువంటివే. చెరిపివేత ఉండకూడదు, పేజీ చించకూడదు, ఖాళీ వదలకూడదు, అక్షరం మీద అక్షరం దిద్దకూడదు, పంక్తుల మధ్య ఇరికించి రాయకూడదు. ఎవరైనా ఏదైనా చెబితే ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా రాయాలి. ఈ చివరి నియమం ఒక తెలుగువాడికి ఎంత చిక్కు తెస్తుందో నాకు రెండేళ్ల తరువాతగాని తెలియలేదు.

ఒక శుక్రవారం రాత్రి, అరుపులు వినిపిస్తున్నాయని పక్కింటివారు ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోను చేస్తే, నేనూ నాతో గస్తీలో ఉన్న కానిస్టేబులూ ఒక అపార్టుమెంటుకు వెళ్లాము. తలుపు తీసిన అతను నా ఛాతీ మీద పేరు చూడగానే ముఖం తేటపడి తెలుగులోకి మారాడు. "అన్నా, మీరు మనవాళ్లే కదా. మొగుడూ పెళ్లాల మధ్య మామూలు మాటలే. వీళ్లకు మీరే సర్ది చెప్పండి." అతని వయసులో మా తమ్ముడున్నాడు, ఆ పిలుపు నన్ను తాకలేదని అంటే అబద్ధమవుతుంది. కాని ఆ క్షణంలో నేను అతనితో తెలుగులో మాట్లాడితే, నా సహచరుడికి అర్థంకాని భాషలో ఇద్దరు మగవాళ్లు ఒక ఒప్పందానికి వస్తున్నట్లు వంటగదిలో నిలబడిన ఆమెకు కనిపిస్తుంది. అందుకే ముందు ఇంగ్లీషులో, తరువాత తెలుగులో ఒకే సంగతి చెప్పాను: ఇక్కడ రహస్యంగా ఏమీ మాట్లాడలేను, ప్రతి మాటా రికార్డవుతున్నది, నా సహచరుడు అడిగే ప్రశ్నలకు మీరు జవాబు చెప్పండి.

ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చు. నన్ను చూసి, "అన్నయ్యా, కేసు పెడితే వీసా పోతుందా?" అన్నది. ఏం జరిగిందో చెప్పడానికి ముందే ఆమె నోట వచ్చిన మాట అది. ఏం జరిగిందమ్మా అని అడిగితే, "ఏం లేదు, చెయ్యి చేసుకున్నాడు" అన్నది. ఆ మాటను తెలుగు అక్షరాలలో అలాగే రాసి, కింద ఇంగ్లీషులో అర్థం రాశాను. ఒక దెబ్బను ఇంత మెత్తగా చెప్పే పదబంధం మన భాషలో ఉన్నదని అంతకుముందు నేను గమనించనే లేదు. మాటకు మాట తర్జుమా చేస్తే దానిలో కొట్టడం కనిపించదు. సాక్ష్యంగా నిలిచే వాంగ్మూలానికి నేను దుబాసీగా ఉండకూడదు, స్వతంత్రంగా ఉండే మనిషి కావాలి. ఫోనులో ఒక దుబాసీని పిలిపించి నేను పక్కకు తప్పుకున్నాను. భాష తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడటం ఆ రాత్రి నేను చేసిన పనులన్నిటిలోనూ కష్టమైనది.

ఆమె చెంప మీద గుర్తు కనిపిస్తున్నది గనుక నా సహచరుడు భర్తను అదుపులోకి తీసుకున్నాడు. ఆమె ఆ రాత్రి సంతకం చేయలేదు. ఆ తరువాత ఏమైందో చెప్పే హక్కు నాకు లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు అందరికీ తెలియాలి. సహాయం కోరినంత మాత్రాన వీసా పోదు. భాగస్వామి వీసా మీద వచ్చి, హింస కారణంగా విడిపోయినవారికి, షరతులకు లోబడి, మూడు నెలల ప్రత్యేక అనుమతీ ప్రభుత్వ సహాయం పొందే వీలూ ఇక్కడి నిబంధనలలో ఉన్నాయి. కొట్టకపోయినా, డబ్బు చేతికివ్వకుండా, ఫోను లాక్కుని, ఎవరితోనూ కలవనీయకుండా మనిషిని అదుపులో పెట్టుకోవడం 2015 చట్టం ప్రకారం నేరమే. మాట్లాడలేని స్థితిలో మొబైల్ నుంచి 999 చేసినవారు, అడిగినప్పుడు 55 నొక్కితే ఆ ఫోను పోలీసులకు చేరుతుంది. ఈ మూడు సంగతులూ మన సంఘాల సమావేశాలలో చెప్పనివ్వండని నేను అడిగిన ప్రతిచోటా, పండగ పూట ఇవెందుకు అన్నవారు ఉన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

యూనిఫాం సంగతి తెలిసినప్పటి నుంచి తెలిసినవారి ఫోన్లు పెరిగాయి. వేగం మించి నడిపినందుకు వచ్చిన నోటీసు రద్దు చేయించమని, ఇల్లు అద్దెకిచ్చే మనిషి మీద కేసులున్నాయేమో చూసి చెప్పమని అడుగుతారు. సొంత అవసరానికి పోలీసు కంప్యూటరులో ఒక పేరు వెతకడం నేరమని, దానికి ఉద్యోగాలు పోయి శిక్షలు పడినవారు ఉన్నారని ఓపికగా చెబుతాను. కొందరు నొచ్చుకుని మాట్లాడటం మానేశారు. మనవాడు అధికారంలో ఉంటే మనకు పనికిరావాలన్న ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు గనుక వారి మీద కోపం లేదు, కాని ఆ ఆశను తీర్చేది లేదు.

2012లో ఇంగ్లండు, వేల్స్‌లలో ఇటువంటి కానిస్టేబుళ్లు 20 వేలమంది దాకా ఉండేవారు. పదేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య సగం కన్నా తగ్గిపోయింది. నాతో ప్రమాణం చేసినవారిలో కొందరు జీతం ఉన్న కానిస్టేబుళ్లుగా చేరిపోయారు, కొందరు కుటుంబ బాధ్యతల వల్ల మానుకున్నారు. నా భార్యకు కూడా శుక్రవారం రాత్రులు నేను ఇంట లేకపోవడం భారంగానే ఉన్నది. ఆమె అడిగిన నాడు మానేస్తానని మాట ఇచ్చాను.

ఇంతవరకు అడగలేదు. పోయిన డిసెంబరులో జరిగినది విన్నాక ఇంకొన్నాళ్లు అడగననీ చెప్పింది. ఆ రాత్రి పదకొండు గంటలకు, మతిమరుపు వ్యాధి ఉన్న ఒక తెలుగు పెద్దావిడ ఇంట్లో కనిపించడం లేదని రేడియోలో వచ్చింది. బస్టాపులూ దుకాణాలూ వెతికి, చివరకు కాలువ గట్టు మీది బల్ల దగ్గర చూశాము; ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు. యూనిఫాం చూసి లేచి వెళ్లిపోబోయారు. టోపీ తీసి, కాస్త దూరంగా కూర్చుని, "మామ్మగారూ, చలిగా ఉంది, ఎటు బయలుదేరారు?" అన్నాను. ఆమె నన్ను పరికించి చూసి, "ఎవరబ్బాయివి నాయనా?" అన్నారు. మా నాన్న పేరు, మా ఊరు పేరు చెప్పాను. ఆ రెండూ ఆమెకు తెలియవు, అయినా తెలిసినట్లే తల ఊపి, "గోదావరికి స్నానానికి వచ్చాను, మెట్లు కనిపించడం లేదు" అన్నారు.

ఇంటికి చేర్చాక, ఇటువంటివారు తప్పిపోతే వెంటనే వెతకడానికి ముందుగా నింపి ఉంచే హెర్బర్ట్ ప్రోటోకాల్ అనే పత్రం గురించి ఆమె కొడుకుకు చెప్పాను. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని నార్మండీ పోరులో పాల్గొని, వయసు మళ్లాక ఈ వ్యాధితో బాధపడిన జార్జ్ హెర్బర్ట్ అనే సైనికుడి పేరు దానికి పెట్టారు. ఫోటో, మందులు, అలవాట్లు, వెనుకటి ఇళ్లు అన్నీ అందులో రాయాలి. ఎక్కడికి వెళ్లే అవకాశం ఉన్నదన్న ప్రశ్న దగ్గర అతను గోదావరి గట్టు అని రాసి, ఇది వీళ్లకేం పనికొస్తుందని కొట్టివేయబోయాడు. వద్దన్నాను. దాని పక్కనే ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చమన్నాను: ఈమె గోదావరి అన్నారంటే, ముందు కాలువ గట్టు వెంట వెతకండి.