ఎక్కనివారు దారి రాయవచ్చునా?

ఆన్‌లైన్ పర్వత మార్గదర్శినుల్లో ఒక శిఖరానికి దారి రాసేవారు ఆ దారిలో స్వయంగా నడిచి ఉండాలన్న నియమం కొందరికి అతిగా తోస్తుంది. పటాలూ, ఉపగ్రహ చిత్రాలూ, ఎక్కివచ్చినవారి అనుభవాలూ అన్నీ అందుబాటులో ఉండగా, వాటిని శ్రద్ధగా చదివి క్రోడీకరిస్తే చాలదా అని వారి ప్రశ్న. శిఖరం ఎత్తు, తొలి ఆరోహణ చరిత్ర, అనుమతుల వంటి వివరాలకైతే నిస్సందేహంగా చాలు. దారికి మాత్రం చాలదు.

పటంలో 20 మీటర్ల ఎత్తు తేడాతో గీసిన రెండు సమోన్నత రేఖల (ఒకే ఎత్తులోని చోట్లను కలిపే గీతల) మధ్య 15 మీటర్ల నిట్టనిలువు బండ ఏ ఆనవాలూ లేకుండా దాగిపోగలదు. స్కాట్లాండ్‌లోని 1,345 మీటర్ల బెన్ నెవిస్ విషయంలో గూగుల్ మ్యాప్స్ శిఖరానికి దగ్గరలో ఉన్న పార్కింగ్ స్థలానికి జనాన్ని పంపి, అక్కడి నుంచి పైకి ఒక చుక్కల గీత చూపించింది. ఆ గీత వెంట వెళ్తే నిటారైన రాతి వాలులో ప్రాణాలకే ముప్పని 2021లో జాన్ మ్యూర్ ట్రస్ట్, మౌంటెనీరింగ్ స్కాట్లాండ్ సంస్థలు హెచ్చరించవలసి వచ్చింది.

పటాలూ ఇతరుల రాతలూ చూసి రాయడంలోని లోపం అన్నిటికంటే దిగే దారి దగ్గర బయటపడుతుంది. శిఖరం మీద నిలబడి కిందికి చూసినప్పుడు మొదటి రాతి చీలిక సులువుగా కనిపిస్తుందనీ, అది సగం దూరంలో గోడ అంచున తెగిపోతుందనీ, కాబట్టి దాన్ని వదిలి రెండో చీలికలోనే దిగాలనీ, అక్కడ తడబడినవారు తప్పక రాస్తారు. సంక్షిప్తం చేసేవారి చేతిలో అదే విషయం ‘ఎడమ చీలికలో దిగాలి’ అని మిగులుతుంది. ఎక్కేవారి ఎడమా, దిగేవారి ఎడమా అన్నది చదివేవారి అదృష్టం మీద ఆధారపడుతుంది.

అయితే ఎక్కానన్న మాటను గుడ్డిగా నమ్మమని నేను అనడం లేదు. 1906లో అలాస్కాలోని డెనాలీ శిఖరం చేరానని అమెరికన్ అన్వేషకుడు ఫ్రెడరిక్ కుక్ ప్రకటించి, ఫొటో కూడా చూపించాడు. అది ఎక్కడో కింద ఉన్న చిన్న గుట్ట మీద తీసినదని 1910లో బెల్మోర్ బ్రౌన్, హెర్షెల్ పార్కర్ బృందం ఆ చోటుకే వెళ్లి తేల్చింది. అబద్ధం చెప్పనివారిలోనూ తేడాలుంటాయి: గైడు తాడుకు కట్టుకుని అతని మడమలే చూస్తూ నడిచినవారు శిఖరాన్ని నిజంగానే చేరతారు గానీ, ఎక్కడ మలుపు తిరిగారో చెప్పలేరు.

తేదీ కూడా తప్పనిసరి. ఇటలీ పర్వతారోహకుడు వాల్టర్ బొనాటి 1955లో ఒంటరిగా ఎక్కి ప్రసిద్ధం చేసిన, ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని డ్రూ పర్వతపు రాతి స్తంభం 2005లో చాలా భాగం కూలిపోయింది. అంతకుముందు దాని మీదికి ఎక్కినవారు రాసిన ప్రతి మాటా నిజమే అయినా, దారి చూపడానికి అది ఇప్పుడు పనికిరాదు.

ఈ నియమంలో నేను ఒక్క సవరణ కోరుకుంటాను: శిఖరం చేరి ఉండాలని పట్టుబట్టకూడదు. వాతావరణం చెడిపోయో, మంచు మెత్తబడో మధ్యలో వెనుదిరిగినవారికి ఆ దారిలోని ప్రమాదం గురించి, గెలిచివచ్చినవారికంటే స్పష్టమైన అవగాహన ఉంటుంది. అటువంటివారు తాము చేరిన చోటు వరకే రాసి, ఎందుకు ఆగారో చెప్పి, ఆపైన ఖాళీగా వదిలేయాలి. ఆ ఖాళీని పటం చూసి పూరించే అధికారం సంపాదకులకు సైతం ఉండకూడదు.