మోకాలి లోపల జరిగేది

తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గుంటలో చక్కగా అమరి ఉంటుంది కాబట్టి ఆ కీలుకు ఎముకల ఆకారమే సగం బలం. మోకాలికి ఆ సదుపాయం లేదు. తొడ ఎముక కింది చివర రెండు గుండ్రటి బుడిపెలుగా ఉంటే, వాటిని మోయవలసిన కాలి ఎముక పైభాగం దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. శరీరంలోకెల్లా పెద్దదైన ఈ కీలు ఇంత పొసగని ఎముకల మీద నిలబడుతున్నదంటే, ఆ లోటు పూడ్చేవి వాటి మధ్యా చుట్టూ ఉన్న మెత్తటి భాగాలే.

ఆ రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు బిళ్లలుంటాయి. వాటి బయటి అంచు మందంగా, లోపలి అంచు పలుచగా ఉండటం వల్ల బుడిపెలు పక్కకు జారకుండా ఒదుగుతాయి, భారం ఒక్కచోటే పడకుండా పరచుకుంటుంది. రక్తం అందేది బయటి అంచుకే కనుక లోపలి వైపు చీలిక సాధారణంగా తనంతట తాను అతకదు. ఇక కీలు నడుమ ఒకదానినొకటి దాటుతూ రెండు, చెరో పక్కన ఒకటి చొప్పున మరో రెండు గట్టి పట్టీలు ఎముకలను కట్టి ఉంచుతాయి. కబడ్డీ ఆటగాళ్ల నోట తరచుగా వినిపించే ఏసీఎల్ వీటిలో ఒకటి.

నాకు మాత్రం అన్నింటికన్నా ముచ్చటగా తోచేది ఈ కీలు బిగుసుకునే తీరు. పాదం నేల మీద ఆనించి కాలు పూర్తిగా చాపినప్పుడు, చివరి కొద్ది డిగ్రీలలో తొడ ఎముక లోపలి వైపుకు కాస్త తిరుగుతుంది. దానితో పట్టీలన్నీ బిగిసి కీలుకు తాళం పడుతుంది. నిటారుగా, తొడ బిగించకుండా నిలబడి మోకాటి చిప్పను వేళ్లతో కదిపి చూడండి, అటూ ఇటూ సులువుగా జరుగుతుంది. మోకాలు కొంచెం వంచగానే తొడ ముందు కండరం పనిలోకి దిగి చిప్పను కదలనివ్వదు. క్యూలో ఎంతోసేపు నిలబడగలుగుతున్నామంటే ఈ తాళం చలవే. దాన్ని తీసేది మోకాలి వెనుక ఉన్న ఒక చిన్న కండరం.

ఎముకల చివరలను కప్పే మృదులాస్థి మందం కొద్ది మిల్లీమీటర్లే. దానిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. బరువు పడినప్పుడు తడి స్పాంజిలా నీటిని వదిలి, బరువు తొలగగానే చుట్టూ ఉన్న జిగట ద్రవాన్ని పీల్చుకుంటుంది. దానికి పోషణ అందడంలో ఈ కదలికకు పెద్ద పాత్ర ఉంది. అందుకే నొప్పి మొదలవగానే మంచం పట్టమని పెద్దలిచ్చే సలహాతో నేను ఏకీభవించలేను. నరాలు లేనందున అరుగుదల మొదలైన సంగతి చాలాకాలం తెలియదు. కింది ఎముకకో, కీలు పొరకో ఇబ్బంది చేరాకే నొప్పి తెలుస్తుంది. ఒకసారి నశించిన మృదులాస్థి తిరిగి బాగుపడదని స్కాట్లాండ్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే రాశాడు.

మామూలు నడకలోనే మోకాలిపై శరీర బరువుకు సుమారు 2.5 రెట్ల భారం పడుతుంది, మెట్లు దిగేటప్పుడు అది 3 రెట్లు దాటుతుంది. గొంతుకూర్చోవాలంటే మోకాలు 130 డిగ్రీలకు మించి వంగాలి, అప్పుడు చిప్ప వెనుక ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆరోగ్యమైన మోకాలికి ఇదేమీ హాని కాదు. అరుగుదల ముదిరినవారికి మాత్రం పీట, కుర్చీ, ఎత్తయిన కమోడ్ మేలు. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం మాత్రం ఇద్దరికీ అవసరమే.