పాపకు శాకంభరి అని పేరు పెట్టండి

తతోఽహమఖిలం లోకమాత్మదేహసముద్భవైః
భరిష్యామి సురాః శాకైరావృష్టేః ప్రాణధారకైః

దేవీ మాహాత్మ్యం 11వ అధ్యాయంలో అమ్మవారు దేవతలకు ఇచ్చిన మాట ఇది. నూరేళ్లు వాన లేక, నీటిచుక్క దొరకని కాలంలో వస్తానంటుంది. మళ్లీ వాన కురిసేదాకా నా ఒంట్లోంచి మొలిచిన కూరాకులతోనే లోకాన్నంతా సాకుతానంటుంది. అప్పుడు నన్ను శాకంభరి అంటారని పేరు కూడా తానే చెప్పుకుంటుంది.

అనంతపురంలో కూర్చుని చదివితే ఈ శ్లోకం పురాణంలా అనిపించదు. ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. అది కూడా అదునుకు పడదు. శెనక్కాయ విత్తనాలు ఇంట్లో పెట్టుకుని, మోడం పట్టిందంటే బయటికొచ్చి చూసే మనుషులం. అదే ఆషాఢంలో గుళ్లో అమ్మవారికి శాకంభరి అలంకారం చేస్తారు. కాకరకాయలు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి దండలు వేస్తారు. పాదాల దగ్గర వంకాయలు, గుమ్మడికాయలు. చుట్టూ తోటకూర, గోంగూర కట్టలు. ఆకుల మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరకుండానే హారతి. చేలల్లో ఇంకా మొలక కనబడని రోజుల్లో తల్లి మాత్రం నిండుగా పచ్చగా ఉంటుంది. నాకైతే ఏ బంగారు అలంకారం చూసినా ఇంత కడుపు నిండదు.

దేవీ భాగవతంలో ఈ కథ ఇంకొంచెం విపులంగా ఉంది. దుర్గముడనే రాక్షసుడు వేదాలను అపహరిస్తాడు. యజ్ఞాలు ఆగిపోతాయి, వానలూ ఆగిపోతాయి. ఎండిపోయిన లోకాన్ని చూసి అమ్మవారు నూరు కళ్లతో తొమ్మిది రాత్రులు ఏడుస్తుంది. ఆ కన్నీళ్లే వానైపోతాయి. అంతటితో ఊరుకోదు, ఆకలిగా ఉన్నవాళ్లకు తన చేతులతోనే కాయగూరలు, పండ్లు ఇస్తుంది. జాలిపడి ఏడ్చి ఊరుకున్న దేవత కాదు, అన్నం పెట్టిన తల్లి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య మా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, పాపకు చెట్టు పేరో పువ్వు పేరో పెడదామని మాకుంది. మా అత్తమ్మేమో దేవుడి పేరే ఉండల్ల అంటాంది" అని. పాపం, బారసాల దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పడుతోంది.

ఆ పెద్దామె మాటలో న్యాయముంది. కొడుకును "నారాయణా" అని పిలిచి అజామిళుడు తరించిన కథ విన్నవాళ్లం కదా. బువ్వకు రమ్మని పిలిచినా, నిద్ర లేపినా, కోప్పడినా నోట దైవనామమే పలకాలని వాళ్ల ఆశ. కానీ చెట్టు పేరు వేరు, దేవుడి పేరు వేరు అని మనకెవరు చెప్పారు? తులసి ఉంది. వృంద, నందిని ఆ తల్లి పేర్లే, నామాష్టకంలో ఉన్నాయి. మల్లెపూలతో పూజలందుకున్న స్వామి శ్రీశైలంలో మల్లికార్జునుడు. ఆయన్ను తలుచుకుని మన సీమలో ఎన్ని ఇళ్లలో మల్లమ్మలు, మల్లికలు లేరు! లలితా సహస్రంలో అమ్మవారు కదంబవనవాసిని, మందారకుసుమప్రియ.

వీటిలో ఏది పెట్టినా మంచిదే. నన్నడిగితే మాత్రం శాకంభరి. మిగతావి ఒక్కో చెట్టు, ఒక్కో పువ్వు. ఈ పేరులో ఆకుకూర మడి మొత్తం ఉంది, దాన్ని పండించే రైతు ఆశ ఉంది. బడిలో కూరగాయల పేరని పిల్లలు ఆటపట్టిస్తారేమో అని మేనకోడలు అడిగింది. ఆ కథ పాపకు చిన్నప్పుడే చెప్పమన్నాను, తనే వాళ్లకు చెప్తుంది.

నక్షత్రానికి అక్షరం కుదరకపోతే జన్మనామం వేరే పెట్టుకోండి. ఇంట్లో ఎట్లాగూ అమ్మణ్ణీ, అమ్ములూ అనే పిలుస్తారు. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేటప్పుడు, చెవిలో మూడుసార్లు చెప్పేటప్పుడు మాత్రం శాకంభరి అని పూర్తిగా పలకండి. రాయడానికి ముందు పై శ్లోకం ఒకసారి చదివితే ఇంకా బాగుంటుంది. పంతులుగారిని అడిగితే ఆయనే చదువుతారు.